కేదార–బదరీ యాత్ర మధ్యలో చిన్నదైన, ప్రశాంతమైన కొండ నడక ఏది?

కృష్ణాతీరం (విజయవాడ)

అందరికీ నమస్కారం. విజయదశమి నాడు కృష్ణలో అమ్మవారి తెప్పోత్సవం చూసుకుని, ఆ తరువాతి వారంలో కేదారనాథ్, బదరీనాథ్ యాత్రకు బయలుదేరాలని మా ఇంట్లో నిశ్చయించుకున్నాము. వెళ్ళేది నలుగురం: నేను, మావారు, డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి, అరవై ఏడేళ్ల మా మామగారు. రైలులో ఢిల్లీకి, అక్కడి నుండి హరిద్వార్‌కు చేరి, హరిద్వార్‌లో కారు మాట్లాడుకుంటాము. రైలు ప్రయాణాలు పోను కొండల్లో గడపడానికి తొమ్మిది రోజులు ఉంటాయి.

దర్శనాల సంగతి సరే. కేదారనాథ్ దారి పొడవునా గుర్రాలు, డోలీలు, హెలికాప్టర్ల మోత, తోసుకుపోయే జనం ఉంటారని వెళ్ళివచ్చిన వారందరూ చెబుతున్నారు. హిమాలయాల దాకా వెళ్ళి ఒక్క పూటైనా ఆ కొండలకు ఎదురుగా నిమ్మళంగా కూర్చోకుండా తిరిగి రావడం నాకు ఇష్టం లేదు. అందువల్ల యాత్రలో ఒక రోజు, తప్పదనుకుంటే రెండు రోజులు కలుపుకుని, జనం తక్కువగా ఉండే ఒక చిన్న కొండ నడక పెట్టుకోవాలని ఉంది. మేము రోజూ ఉదయం నది ఒడ్డున నడుస్తాము గానీ కొండలెక్కే అలవాటు లేదు. మామగారికి రక్తపోటు ఉంది, మందులతో అదుపులోనే ఉంది. ఆయన కేదారనాథ్‌కు గుర్రం మీద వస్తారు. ఏది ఎంచుకుంటే బాగుంటుందో అనుభవజ్ఞులు చెప్పగలరని ప్రార్థన.

కొండపల్లి బాటసారి (ఇబ్రహీంపట్నం)

కృష్ణాతీరం గారూ, ముందుగా పటం తెరిచి, కేదారనాథ్ నుండి బదరీనాథ్‌కు ఏ దారిన వెళతారో చూసుకోండి. మీ ప్రశ్నకు జవాబు చాలావరకు అక్కడే దొరుకుతుంది. ఎక్కువ కార్లు కేదారనాథ్ నుండి తిరిగి రుద్రప్రయాగ వరకు దిగి, అక్కడి నుండి కర్ణప్రయాగ, చమోలీ మీదుగా బదరీనాథ్ రహదారి పట్టుకుంటాయి. అలా దిగకుండా కుండ్ దగ్గర మలుపు తిరిగి, ఊఖీమఠ్, చోప్తా, మండల్, గోపేశ్వర్ మీదుగా చమోలీలో కలిసే కొండదారి ఒకటి ఉంది. ఓక్, దేవదారు అడవుల మధ్యగా సాగే ఆ ఇరుకు రోడ్డు మీద మీకు కావలసిన నడకలు రెండు ఉన్నాయి. వాటి కోసం వేరే లోయలోకి వెళ్ళనక్కరలేదు.

మొదటిది దేవరియా తాల్. ఊఖీమఠ్‌కు దగ్గరలో ఉన్న సారి అనే గ్రామం నుండి రాళ్లు పరిచిన కాలిబాటలో సుమారు 3 కిలోమీటర్లు ఎక్కితే, 2,438 మీటర్ల ఎత్తున అడవి మధ్య ఉన్న చెరువు కనబడుతుంది. గాలి కదలని వేళలో 7,138 మీటర్ల చౌఖంబా శిఖరం మొత్తం ఆ నీటిలో కనిపిస్తుంది. యక్షుడు ధర్మరాజును ప్రశ్నలడిగిన చెరువు ఇదేనని అక్కడివారి నమ్మకం. రెండవది చోప్తా నుండి తుంగనాథ్, ఆపైన చంద్రశిల. తుంగనాథ్ పంచ కేదారాలలో ఒకటి, 3,680 మీటర్ల ఎత్తున ఉన్న శివాలయం. చోప్తా నుండి అక్కడికి 4 కిలోమీటర్ల లోపే. ఇంకో కిలోమీటరున్నర నిటారుగా ఎక్కితే సుమారు 4,000 మీటర్ల చంద్రశిల శిఖరం వస్తుంది.

ఈ రెండింటిలో మీ కుటుంబానికి దేవరియా తాల్ సరిపోతుందని నా అభిప్రాయం.

పచ్చిక దారి (గుంటూరు)

బాటసారి గారి మాట కాదనడం లేదు గానీ, నిజమైన ప్రశాంతత కావాలంటే ఉత్తరకాశీ జిల్లాలోని దయారా బుగ్యాల్‌ను మించినది లేదని నేను గట్టిగా నమ్ముతాను. రైథల్ గ్రామం నుండి గానీ బర్సూ నుండి గానీ అడవి గుండా ఎక్కితే, చెట్లు ఉన్నట్టుండి ఆగిపోయి, కనుచూపు మేర పచ్చిక పరుచుకుని ఉంటుంది. ఆ పచ్చిక మైదానాలనే అక్కడివారు బుగ్యాల్ అంటారు. అక్టోబరు వచ్చేసరికి ఆ గడ్డి పసుపు, గోధుమ రంగులకు తిరుగుతుంది, ఎదురుగా బందర్‌పూంఛ్ శిఖరాలు కనిపిస్తాయి. ఎక్కుడు మరీ నిటారుగా ఉండదు. రైథల్‌లో పాత చెక్క ఇళ్లు ఉన్నాయి, ఊరివారు తమ ఇళ్లలోనే బస ఇస్తారు. మా కుటుంబం చూసిన కొండల్లో దీనికి సాటి వచ్చేది ఇంకొకటి లేదు.

కొండపల్లి బాటసారి (ఇబ్రహీంపట్నం)

పచ్చిక దారి గారూ, దయారా అందం విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. అయితే అది గంగోత్రి వెళ్ళే దారిలో, భాగీరథి లోయలో ఉంది. వీరి యాత్ర మందాకిని, అలకనంద లోయలలో సాగుతుంది. ఒక లోయ నుండి మరొక లోయకు మారాలంటే కారులోనే దాదాపు ఒక రోజు పోతుంది. ఆ పైన బుగ్యాల్‌లలో రాత్రి గుడారాలు వేసుకుని ఉండడాన్ని ఉత్తరాఖండ్ హైకోర్టు 2018లో నిషేధించింది. ఆ గడ్డి నేల ఒకసారి దెబ్బతింటే కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది గనుక ఆ తీర్పు సబబైనదే. కాబట్టి పొద్దున ఎక్కి సాయంత్రానికి చెట్ల హద్దు కిందికి దిగిపోవాలి. ముఖద్వారం లాంటి ఊరికి చేరడం, ఎక్కడం, దిగడం, తిరిగి రోడ్డు పట్టడం, ఇవన్నీ కలిపితే మూడు రోజులకు తగ్గదు. యమునోత్రి, గంగోత్రి కూడా కలిపి నాలుగు ధామాలు చేసేవారికి మాత్రం నేనూ దయారానే చెబుతాను.

మోపిదేవి వాసి

కృష్ణాతీరం గారికి నమస్కారం. కార్తీక్ స్వామి ఆలయం గురించి ఎవరూ ప్రస్తావించలేదు గనుక రాస్తున్నాను. రుద్రప్రయాగ నుండి పోఖ్రీ వెళ్ళే రోడ్డులో సుమారు 40 కిలోమీటర్ల దూరాన కనక్‌చౌరీ అనే చిన్న ఊరు ఉంది. అక్కడ కారు దిగి, అడవిలో 3 కిలోమీటర్లు నడిస్తే 3,050 మీటర్ల ఎత్తున, సన్నటి కొండ శిఖ చివర సుబ్రహ్మణ్యస్వామి గుడి వస్తుంది. ఉత్తరాదిన కుమారస్వామికి గుడులు అరుదు. చివరి మెట్లు ఎక్కేటప్పుడు రెండు వైపులా లోయలే ఉంటాయి. గుడి చుట్టూ భక్తులు మొక్కుగా కట్టిన గంటలు లెక్కలేనన్ని వేలాడుతుంటాయి, గాలి వీచినప్పుడల్లా అవి వాటంతట అవే మోగుతాయి.

వినాయక చవితి నాడు మనం చదువుకునే కథే ఆ స్థలానికీ మూలం. లోకాన్ని చుట్టి వచ్చేసరికి గణాధిపత్యం అన్నగారికి దక్కిందని తెలిసిన కుమారస్వామి, తన అస్థులను తండ్రికి సమర్పించింది ఈ కొండ మీదనేనని అక్కడ చెబుతారు. మీ మామగారి వయసు వారికి ఈ కథ ముందే తెలిసి ఉంటుంది గనుక ఆ గుడి మెట్లు ఎక్కినప్పుడు కలిగే అనుభూతి వేరుగా ఉంటుంది. కేదారనాథ్‌కు వెళ్ళేటప్పుడే, రుద్రప్రయాగలో బస చేసి, తెల్లవారుజామున వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు. పైగా కేదారనాథ్ ఎత్తుకు శరీరం ముందుగా కొంత అలవాటు పడుతుంది.

వైద్యురాలు (బ్రాడీపేట, గుంటూరు)

మోపిదేవి వాసి గారి సూచన బాగుంది గానీ, చివరి వాక్యం గురించి ఒక మాట చెప్పాలి. ఎత్తైన చోట రెండు మూడు గంటలు ఉండి కిందికి దిగిపోతే శరీరం ఆ ఎత్తుకు అలవాటు పడినట్లు కాదు. అలవాటు ప్రధానంగా మనం ఎంత ఎత్తున నిద్రపోతున్నామన్న దాన్ని బట్టి, దానికి ఎన్ని రాత్రులు ఇచ్చామన్న దాన్ని బట్టి ఏర్పడుతుంది. కాబట్టి కార్తీక్ స్వామి దర్శనాన్ని భక్తితో చేసుకోండి, దానిని మందుగా మాత్రం లెక్కవేసుకోవద్దు.

ఈ యాత్రలో నన్ను కలవరపెట్టేది అదనపు నడక కాదు, కేదారనాథ్ రాత్రి. గౌరీకుండ్ 2,000 మీటర్ల లోపు, కేదారనాథ్ 3,583 మీటర్లు. ఒకే రోజున 1,600 మీటర్లు పైకి వెళ్ళి అక్కడే నిద్రపోవడం వైద్య సలహాకు మించిన వేగం. 3,000 మీటర్లు దాటాక నిద్రించే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదంటారు. గుర్రం మీద వెళ్ళినా, నడిచి వెళ్ళినా గాలిలో ప్రాణవాయువు ఒకటే. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం, నిద్ర పట్టకపోవడం ఎత్తు పడకపోతే కనిపించే తొలి లక్షణాలు. తూలుతూ నడవడం, మాట తడబడడం, కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకుండా కిందికి దింపాలి. ఎసిటజోలమైడ్ మాత్రలను కొందరు ముందుజాగ్రత్తగా వాడతారు. సల్ఫా మందులు పడనివారికి అవి ఇవ్వడానికి ముందు వైద్యునికి ఆ సంగతి తప్పక చెప్పాలి. మీ మామగారి రక్తపోటు మందులలో మూత్రం ఎక్కువగా పోయించేవి ఉంటే ఆ విషయం కూడా చెప్పి, ఆయనను చూసే వైద్యుని సలహా మీదనే నిర్ణయించుకోండి.

కేదారనాథ్ నుండి ఇబ్బంది లేకుండా దిగి వస్తే, ఆ తరువాత 2,438 మీటర్ల దేవరియా తాల్ విషయంలో ఎత్తు గురించి దిగులు పడనక్కరలేదు. చంద్రశిల కూడా పగలు ఎక్కి, చోప్తాకు దిగి నిద్రపోతారు గనుక ఎత్తు దృష్ట్యా నేను అడ్డు చెప్పను. మోకాళ్ల సంగతి వేరే.

ఉదయరాగం (తెనాలి)

ఎత్తు అడ్డు కాదని వైద్యురాలు గారే అన్నారు గనుక చంద్రశిల తరఫున నేను మాట్లాడతాను. అంత తక్కువ నడకతో 4,000 మీటర్ల శిఖరాగ్రం మీద నిలబడే అవకాశం హిమాలయాలలో ఎక్కడపడితే అక్కడ దొరకదు. చుట్టూ నందాదేవి, త్రిశూల్, చౌఖంబా, కేదార శిఖరాలు వరుసగా నిలబడి ఉంటాయి. డిగ్రీ చదివే అమ్మాయి వెంట ఉంది, ఆమెకు జీవితాంతం గుర్తుండిపోయే ఉదయం అది. తుంగనాథ్ దర్శనం వల్ల ఇంకో కేదారం కూడా చూసినట్లవుతుంది. స్వామి శీతకాలానికి మక్కూమఠ్‌కు దిగేది సాధారణంగా అక్టోబరు చివరనో నవంబరు మొదట్లోనో గనుక మీరు వెళ్ళే రోజులకు గుడి తెరిచే ఉండాలి. తుంగనాథ్ దాకా సిమెంటు, రాయి వేసిన బాటే, దారి తప్పే భయం లేదు.

కొండవీటి చూపు (గుంటూరు)

ఉదయరాగం గారు చెప్పిన దృశ్యం నిజమే. కానీ కృష్ణాతీరం గారు అడిగింది ప్రశాంతమైన చోటు. చోప్తా ఇప్పుడు ఢిల్లీ, డెహ్రాడూన్, మీరట్ వైపు కుర్రకారుకు వారాంతపు విడిదిగా మారింది. దసరా, దీపావళి సెలవుల మధ్య శని, ఆదివారాలలో తుంగనాథ్ బాట మీద స్పీకర్లలో పాటలు పెట్టుకుని నడిచేవారు చాలామందే ఉంటారు. మంగళ, బుధవారాలలో ఆ కొండే వేరుగా ఉంటుంది. అంటే ఏ కొండ అన్నదానితో సమానంగా ఏ వారం అన్నది కూడా చూసుకోవాలి.

ఇక మోకాళ్ల సంగతి. గౌరీకుండ్ నుండి కేదారనాథ్‌కు 16 కిలోమీటర్లు. 2013 వరదలో రాంబాడా దగ్గర పాత బాట కొట్టుకుపోయాక మందాకినికి అవతలి గట్టున వేసిన కొత్త బాట అది, పాతదానికంటే పొడవైనది, నిటారైనది. ఎక్కేటప్పుడు ఊపిరి కష్టం, దిగేటప్పుడు తొడలు, మోకాళ్లు కష్టం. దిగిన రోజున ఏమీ తెలియదు, రెండవ రోజు పొద్దున మంచం దిగేటప్పుడు తెలుస్తుంది. అటువంటి ఉదయాన తుంగనాథ్ ఎక్కి, చంద్రశిల దాకా వెళ్ళి, మళ్ళీ అదంతా దిగడం కొండ అలవాటు లేనివారికి శిక్షే అవుతుంది. కేదారనాథ్ నుండి దిగిన మరునాడు ఊఖీమఠ్‌లో పూర్తిగా విశ్రాంతి తీసుకోండి. అక్కడి ఓంకారేశ్వర ఆలయానికే శీతకాలంలో కేదారనాథుని ఉత్సవమూర్తి వస్తుంది. బాణాసురుని కూతురు ఉషకు, అనిరుద్ధునికి పెళ్లి జరిగిన చోటని కూడా చెబుతారు. నెమ్మదిగా చూడవలసిన గుడి.

బయలుదేరే ముందు మీరు చేయవలసిన సాధన నది ఒడ్డున కుదరదు. వారానికి రెండు మూడు సార్లు మంగళగిరి పానకాల స్వామి మెట్లు ఎక్కండి, వీలైన ఆదివారం కొండపల్లి ఖిల్లాకో, మా కొండవీటికో రండి. వీపున సంచిలో రెండు లీటర్ల నీళ్లు పెట్టుకుని ఎక్కడమే కాదు, దిగడం మీద మనసు పెట్టండి. దిగే ముందు బూటు తాళ్లను మడమ పైన గట్టిగా బిగించి కట్టాలి, లేకపోతే పాదం ముందుకు జారి ప్రతి అడుగుకూ బొటనవేలు బూటు ముందు భాగానికి కొట్టుకుంటుంది. గంటసేపు అలా జరిగితే గోరు కింద రక్తం గడ్డకట్టి నల్లబడుతుంది, మరునాడు చెప్పు కూడా వేసుకోలేరు. ప్రయాణానికి మూడు నాలుగు రోజుల ముందే గోళ్లు పొట్టిగా తీయించుకోండి. అడుగు చిన్నదిగా వేయండి, మోకాలు కాస్త వంచి ఉంచండి, ముందుగా చేతికర్రను కింది మెట్టు మీద ఆనించి, తరువాతనే బరువు దించండి. మంగళగిరి మెట్ల మీద ఇదంతా చేసి చూశాక, కొన్న బూట్లు సరిపోయాయో లేదో మీకే తెలుస్తుంది. కొత్త బూట్లతో నేరుగా గౌరీకుండ్‌లో దిగకండి.

కృష్ణాతీరం (విజయవాడ)

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. మీరు రాసినవన్నీ మామగారికి చదివి వినిపించాను. కార్తీక్ స్వామి పేరు వినగానే ఆయన ముఖం వెలిగిపోయింది. కానీ నాలో ఒక తర్జనభర్జన ఉంది. యాత్ర మొదట్లోనే, దర్శనం ఎలా జరుగుతుందో అన్న ఆత్రంలో ఉన్నప్పుడు చేసే నడక, జనసందోహం నుండి బయటపడ్డాక చేసే నడక ఒకటి కావనిపిస్తోంది. నేను కోరుకుంటున్నది రెండవది. దేవరియా తాల్‌కు మామగారు ఎక్కగలరా? ఎక్కలేకపోతే ఆయన ఒక్కరినే వదిలి వెళ్ళడం నాకు సమ్మతం కాదు.

కొండపల్లి బాటసారి (ఇబ్రహీంపట్నం)

సారి గ్రామంలోనే రాత్రి బస చేయండి. ఇళ్లలోనే గదులు ఇస్తారు, వేడి రొట్టె, పప్పు, రాజ్మా కూర పెడతారు. గ్రామం నుండి కొద్దిదూరం ఎక్కగానే ఓంకార రత్నేశ్వర ఆలయం వస్తుంది. మీ మామగారు అక్కడి దాకా మీతో వచ్చి, ఓపిక ఉంటే ముందుకు, లేకపోతే మీవారితో వెనక్కి రావచ్చు. అంత పాత శివాలయం దగ్గర ఆయన గడిపే పూట వృథా అనిపించదు. బాట పొడవునా ఎక్కుడే గానీ ప్రమాదకరమైన చోటు లేదు. ఇతరులకు గంటన్నర పట్టేది ఆయనకు మూడు గంటలు పట్టనివ్వండి.

చెరువులో శిఖరం కనబడేది తెల్లవారిన తరువాత కొద్దిసేపే. ఎండెక్కితే గాలి లేస్తుంది, నీరు చెదురుతుంది, పదింటికల్లా శిఖరాలకు మబ్బు కమ్ముకోవడమూ మామూలే. కాబట్టి మీరూ అమ్మాయీ వెలుగు రేఖ రాగానే బయలుదేరండి, మామగారు మీవారితో నిదానంగా వస్తారు. హిమాలయపు నల్ల ఎలుగుబంట్లు తిరిగే అడవి గనుక పూర్తి చీకట్లో ఇద్దరే నడవవద్దు, బస ఇచ్చినవారినే అడిగి ఊరి మనిషిని ఒకరిని తోడు తీసుకోండి. అటవీ శాఖ వారి ప్రవేశ రుసుముకు, బసకు చిల్లరతో సహా నగదు ఊఖీమఠ్‌లోనే సిద్ధం చేసుకోండి.

వైద్యురాలు (బ్రాడీపేట, గుంటూరు)

అక్టోబరు రెండవ సగంలో ఆ ఎత్తున తెల్లవారుజాము చలి మన కోస్తా శరీరాలకు కొత్త. మామగారికి చెవులు, ఛాతీ కప్పే ఉన్ని దుస్తులు చాలినన్ని ఉంచండి, ఉదయపు రక్తపోటు మాత్రను నడకకు ముందే వేయించండి. చలిలో దాహం తెలియదు, అయినా నీళ్లు తాగిస్తూ ఉండాలి.

పచ్చిక దారి (గుంటూరు)

దయారా ఈసారికి కుదరదని ఒప్పుకుంటున్నాను. బదరీనాథ్‌లో ఒక పూట మిగిలితే మాత్రం అందరూ వెళ్ళే మాణా గ్రామంతో ఆగిపోకండి. ఆలయం వెనుక వైపు కొండ మీదికి సుమారు 3 కిలోమీటర్ల దూరంలో చరణపాదుక అనే చోటు ఉంది. విష్ణుమూర్తి పాదముద్రలుగా కొలిచే బండ అక్కడ ఉంది. ఆ దారిలో నీలకంఠ శిఖరం చాలా దగ్గరగా కనిపిస్తుంది, మాణాతో పోలిస్తే జనం చాలా తక్కువ. 3,000 మీటర్లకు పైబడిన చోటు గనుక మెల్లగా ఎక్కాలి.

కృష్ణాతీరం (విజయవాడ)

ఇంట్లో కూర్చుని రోజులన్నీ కాగితం మీద వేసుకున్నాము. మొదటి ప్రణాళిక ప్రకారం సారి గ్రామంలో మా ఉదయం సరిగ్గా ఆదివారం పడుతోంది. కొండవీటి చూపు గారి మాట గుర్తుకు వచ్చి, విజయవాడ నుండి బయలుదేరే రోజును రెండు రోజులు వాయిదా వేద్దామని నిర్ణయించాము, అప్పుడది మంగళవారం అవుతుంది. కేదారనాథ్ నుండి దిగిన మరునాడు ఊఖీమఠ్‌లో విశ్రాంతి, ఆ సాయంత్రం సారి, తెల్లవారి దేవరియా తాల్, మధ్యాహ్నం చోప్తా మీదుగా చమోలీ వైపు ప్రయాణం, మరునాడు బదరీనాథ్. చోప్తాలో కారు ఆపి టీ తాగి, తుంగనాథ్‌కు కింది నుండే నమస్కరిస్తాము. తిరుగు ప్రయాణంలో రుద్రప్రయాగ దగ్గర ఒక పూట మిగిలితే మామగారి కోసం కార్తీక్ స్వామి. మిగలకపోతే ఆయనే వద్దన్నారు, పరుగెత్తుతూ చూసే గుడి కాదది అన్నారు. రేపటి నుండి మంగళగిరి మెట్లు మొదలుపెడుతున్నాము. ఇంకా ఏదైనా మరిచిపోయామా?

మోపిదేవి వాసి

మీ మామగారి మాట నాకు చాలా నచ్చిందండీ. తిరుగు ప్రయాణంలో వెళితే ఉదయమే వెళ్ళండి.

కొండపల్లి బాటసారి (ఇబ్రహీంపట్నం)

ఒక్క విషయం మిగిలింది, ముఖ్యమైనది. హరిద్వార్‌లో కారు మాట్లాడేటప్పుడే ఊఖీమఠ్, సారి, చోప్తా, గోపేశ్వర్ మీదుగా చమోలీ అని దారిలోని ఊళ్ల పేర్లన్నీ రాయించుకోండి. కేవలం కేదారనాథ్, బదరీనాథ్ అని చెబితే డ్రైవరు రుద్రప్రయాగ దాకా దిగి పెద్ద రోడ్డు పట్టుకుంటాడు, ఆ దారికే అతడు ధర చెప్పి ఉంటాడు. కుండ్ మలుపు దగ్గర వాదన పెట్టుకుంటే అదనపు డబ్బు అడుగుతాడు, అతడిని తప్పు పట్టలేము. సారిలో అతడి బస, భోజనం ఎవరి ఖర్చో కూడా ముందే తేల్చుకోండి. చోప్తా దారి ఇరుకు, మలుపులు ఎక్కువ గనుక చీకటి పడే వేళకు గోపేశ్వర్ చేరేలా సారి నుండి పన్నెండింటికల్లా కదలండి. బయలుదేరే ముందు రోజు ఆ రోడ్డు తెరిచి ఉందో లేదో ఊఖీమఠ్‌లో అడిగి తెలుసుకోండి, కొండచరియ పడి మూసేస్తే రుద్రప్రయాగ దారే గతి. అప్పుడు కూడా దేవరియా తాల్ చూసుకుని, వచ్చిన దారినే కుండ్‌కు దిగిపోవచ్చు.